ఖరగ్‌పూరు క్వార్టర్లలో తుదిదినముల సేవ

అంత్యకాలమున పెద్దలకు ఇంటనే సేవ చేయుట పిల్లల ధర్మమని మన వారందఱును అంగీకరింతురు. కాని ఆ ధర్మము నెరవేరుటకు మూడు సాధనములు కావలయును: మంచము వేయుటకు ఒక ఇల్లు, ప్రక్కన కనిపెట్టియుండు మనుష్యులు, బాధను తగ్గించు వైద్యము. ఖరగ్‌పూరు తెలుగు కుటుంబములకు ఈ మూడును ఏ విధముగా సమకూడెనో తెలిసికొనుట ఈ వ్యాసోద్దేశము.

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడెను. పందొమ్మిదవ శతాబ్దము ముగియు నాటికి ఖరగ్‌పూరు జంక్షనై, క్రమముగా గొప్ప వర్కుషాపునకు నెలవయ్యెను. వాల్తేరు నుండి కటకము వఱకు గల తూర్పుతీర మార్గము 1902లో ఈ కంపెనీలో చేరెను. ఆ దారినే నాటి గంజాము, విశాఖపట్టణము జిల్లాల నుండి మన పూర్వులు ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా తరలివచ్చిరి. కంపెనీ వారి కొఱకు వరుసలు వరుసలుగా క్వార్టర్లు కట్టించెను. అయితే అవి పనివాని కొఱకు కట్టిన యిండ్లు. పని యున్నంత వఱకే యిల్లు. స్వగ్రామమున పూరిపాక యైనను తాతలనాటిది. ఇచ్చట పక్కాయిల్లైనను ఎరవుసొమ్మే.

ఈ సత్యము 1927లో తీవ్రముగా అనుభవమునకు వచ్చెను. వర్కుషాపులో మనుష్యులను తగ్గింపబూనగా ఖరగ్‌పూరులో పెద్ద సమ్మె జరిగెను. కార్మికనాయకులలో మన వి. వి. గిరిగారు ముఖ్యులు. ఉద్యోగము పోయినవానికి జీతముతో పాటు తలపై కప్పును పోవును. ఆ కప్పు క్రిందనే ముసలి తల్లి యుండినచో ఆమెయు దిక్కులేనిదగును.

ఉద్యోగవిరమణ నాడును ఇదే ప్రశ్న. తొలి కాలమున రైల్వే ఉద్యోగికి విరమణ వేళ ప్రావిడెంటు ఫండు సొమ్ము ఒక్కసారిగా చేతికి వచ్చెడిది. నెలనెల పింఛను లేదు. ఆ సొమ్ము ఆడపిల్ల పెండ్లికో అప్పులకో వ్యయమైనచో వార్ధక్యమున కొడుకే ఆధారము. 1944లో కంపెనీ రైల్వే ప్రభుత్వపరమయ్యెను. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడెను. 1957లో రైల్వే ఉద్యోగులకు పింఛను పథకము వచ్చెను. 1964 నాటి కుటుంబ పింఛను వలన వితంతువులకును తమదనదగిన ఆదాయము కలిగెను. తన మందునకు తానే డబ్బిచ్చుకొనగల ముసలమ్మ మాటకు ఇంటిలో విలువ యెట్లు పెరుగునో చదువరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

క్వార్టరును ఖాళీ చేసిన పిమ్మట కొందఱు స్వగ్రామము చేరిరి. కొందఱు ఖరీదా, మలంచా, ఇందా మున్నగు చోట్ల రైల్వే హద్దునకు వెలుపల సొంత యిండ్లు కట్టుకొనిరి. కొందఱు రైల్వేలోనే పని దొరికిన కొడుకు క్వార్టరులో చేరిరి. ఈ మూడవ తెగ వారి యిండ్లలోనే ఆచారమునకును ఇఱుకునకును సంఘర్షణ యెక్కువ. చెడు నక్షత్రమున ప్రాణము పోయిన యింటిని కొన్ని నెలలు పాడుపెట్టు ఆచారము మన జిల్లాలలో కలదు. సర్కారు వారి క్వార్టరును పాడుపెట్టి ఎచ్చటికి పోవలెను? ఆ భయము చేతనే ప్రాణావశిష్టులను వసారాలోనికి చేర్చుట కూడ పూర్వపు వాడుక. చలికాలపు రాత్రి రోగిని వసారాలో పరుండబెట్టుట సేవ యనిపించుకొనదు.

ఇక మనుష్యుల మాట. సేవ పేరు కొడుకుది, శ్రమ కోడలిది. మగవాడు షిఫ్టు డ్యూటీకి పోగా, రెండు గంటల కొకసారి రోగిని ప్రక్కకు త్రిప్పుట, దుప్పటి మార్చుట, తడిబట్టతో నోరు తుడుచుట ఆమెకే మిగులును. ఉమ్మడి కుటుంబము ఊరిలోనే యుండిపోయిన చోట ఇరుగుపొరుగే బంధువర్గము కావలసియుండెను.

వైద్యము విషయమున లోకము ఆలస్యముగనే మేల్కొనెను. నయముకాని రోగికి చేయవలసినది చాల కలదని చాటి సిసిలీ సాండర్స్ అను వైద్యురాలు 1967లో లండనునందు సెయింట్ క్రిస్టఫర్ హాస్పిస్‌ను నెలకొల్పెను. 1969 నుండి ఆ సంస్థ వారు రోగుల యిండ్లకే పోయి సేవచేయ నారంభించిరి. మన దేశమున 1993లో కోళిక్కోడునందు ఆరంభమైన ఉపశమన వైద్యసంఘము పొరుగువారినే శిక్షణనిచ్చి సేవకులుగ తీర్చిదిద్దెను. నొప్పికి మార్ఫీను వంటి మందును వైద్యుని యాజ్ఞపై వేళ తప్పక ఇచ్చుట, మ్రింగలేనివానికి బలవంతముగ అన్నము పెట్టకుండుట, రోగి కోరిక నడిగి తెలిసికొనుట — ఇవి వారి పద్ధతులు. ఖరగ్‌పూరు రైల్వే ఆసుపత్రి మనకు పెద్ద అండ. కాని ఆసుపత్రి నుండి ఇంటికి పంపిన పిమ్మట గడచు రాత్రులకు ఆసుపత్రి యొక్కటే చాలదు.

ఆ రాత్రులను పంచుకొనుట కష్టము కాదు. నాటకమునకు నెలల తరబడి రిహార్సలు చేయగల మనము, ఉగాది పందిరికి చందా లెత్తగల మనము, వంతులవారీగ ఒక్కొక్క రాత్రి ఒక యింట మేల్కొని ఆ గృహిణికి నాలుగు గంటల నిద్ర నీయలేమా? సంఘము పక్షమున ఒక మడత మంచమును, ఒక గాలిపరుపును, ఒక చక్రముల కుర్చీని ఉంచి, అవసరమైన యింటికి అరువీయలేమా? క్వార్టరు రైల్వేవారిది, ఖాళీ చేయవలసిన దినము వచ్చియే తీరును. ఇరుగుపొరుగు మాత్రము మనది. దానిని ఖాళీ చేయుమని ఉత్తరువు వ్రాయగల ఆఫీసు లేదు.