చిన్న పట్టణపు మేయరు

అమెరికాలో నార్తాంప్టను అను చిన్న పట్టణము కలదు. 1910, 1911 సంవత్సరములలో కాల్విన్ కూలిడ్జి యను న్యాయవాది దానికి మేయరు. మితభాషి, పాతపద్ధతుల నభిమానించువాడు. పట్టణపు అప్పు తగ్గించెను; అయినను ఉపాధ్యాయుల జీతములు పెంచెను. పొదుపు వేఱు, లోభము వేఱు గదా!

క్రమముగా నెదిగి 1919లో మాసచూసెట్సు రాష్ట్రమునకు గవర్నరయ్యెను. ఆ యేడే బోస్టను నగరమున వేయిమందికి పైగా పోలీసులు సమ్మె కట్టిరి. ప్రజారక్షణకు భంగకరమగు సమ్మె తగదని యాతడు పట్టుపట్టెను. ఆ పట్టుదల యాతనికి దేశమంతట పేరు తెచ్చెను. భటులకు మాత్రము పోయిన కొలువు మరల దొరకలేదు. ఆ కీర్తిని తలచునపుడు వారి యిండ్ల కష్టమును గూడ తలపవలెను.

1921లో ఉపాధ్యక్షుడాయెను. 1923 ఆగస్టులో అధ్యక్షుడు హార్డింగు మరణింపగా, పల్లెలోని యింట కిరసనాయిలు దీపపు వెలుగున తండ్రియే యాతనిచే అధ్యక్షపదవీ ప్రమాణము చేయించెను. మరల పోటీచేయనని 1927లోనే ప్రకటించి, 1929లో పదవి వీడి, నార్తాంప్టనునకే తిరిగివచ్చెను.