కోవూరి సుందరేశ్వరుని సన్నిధి

చెన్నపట్టణమునకు నైరృతి దిశగా, పోరూరు దాటి కుండ్రత్తూరునకు పోవు బాటలో కోవూరను గ్రామము కలదు. నెల్లూరు మండలమందలి కోవూరు మనలో పెక్కుమంది ఎరిగినదే. ఇది వేరు, ఇది అరవసీమలోని పల్లె. దీని పొరుగుననున్న కుండ్రత్తూరు శేక్కిళారు జన్మస్థలము. పన్నెండవ శతాబ్దమున అరువదిమువ్వురు నాయనార్ల చరిత్రమును పెరియపురాణముగా తమిళమున రచించిన మహనీయుడాయన. అట్టి తమిళ క్షేత్రముల నడుమ, ఆరువందల యేండ్లకు పైబడిన పిమ్మట, అయిదు తెలుగు కీర్తనలు వెలసినవి. ఆ కథను మన కుటుంబములవారికి విన్నవింప దలచితిమి.

త్యాగరాజస్వామి (1767–1847) మనవంటి వలస కుటుంబమునందే జనించిరి. ములకనాటి తెలుగు బ్రాహ్మణులైన వారి పూర్వులు చోళదేశమున స్థిరపడిరి. స్వామి తిరువారూరున పుట్టి, తిరువయ్యారున కావేరి యొడ్డున జీవితము గడపిరి. వీధిలో వినబడునది తమిళము. ఇంట పలుకునది, నోట పాడునది తెలుగు. తంజావూరేలిన మహారాష్ట్ర ప్రభువులును తెలుగు కవులను, గాయకులను ఆదరించియుండుటచే ఆ భాష అచ్చట పరాయిది కాలేదు.

1839 ప్రాంతమున, డెబ్బది దాటిన వయస్సున, స్వామి ఉత్తరముగా యాత్ర సాగించిరి. తిరుపతి వేంకటేశ్వరుని సేవించిరి. తిరువొత్తియూరున శిష్యులగు వీణ కుప్పయ్యరుగారి యూర త్రిపురసుందరిపై అయిదు కీర్తనలు పాడిరి. చెన్నపట్టణమున బందరు వీధిలో కోవూరు సుందరేశ మొదలియారుగారి ఇంట విడిది చేసిరి. ఆయన స్వామిని తమ స్వగ్రామమునకు తోడుకొనిపోయి, సుందరేశుని కీర్తింపుమని ప్రార్థించిరట. తన పేరిట పాడుమనుచున్నాడని స్వామి మొదట శంకించిరనియు, అది ఆలయమందలి స్వామి నామమని తెలిసి సంతోషించిరనియు పెద్దలు చెప్పుదురు. నరస్తుతి యెరుగని నోటికి ఆ శంక సహజమే. ఆ విధముగా సహాన, ఖరహరప్రియ, పంతువరాళి, కల్యాణి, శంకరాభరణ రాగములలో కోవూరు పంచరత్నములు పుట్టినవి. రామభక్తుడు శివుని ఇంత మనసార పాడుట చూడ, ఆయనకు హరిహర భేదము లేదని తెలియును.

మరియొక కథయు వాడుకలో నున్నది. మొదలియారుగారు స్వామికి తెలియకుండ పల్లకిలో వేయి వరహాలు ఉంచిరట. దారిలో దొంగలు తరుముకొని రాగా, సొమ్ము వారికిచ్చివేయుడని స్వామి సెలవిచ్చిరి. అది రాముని ఉత్సవమునకై యుంచినదని శిష్యులు మనవిచేయగా, అట్లయిన రాముడే కాచుకొనునని ఊరకుండిరట. విల్లులు దాల్చిన యువకులిద్దరు తమ్ము తరిమిరని తెల్లవారి దొంగలే వచ్చి పాదములపై బడిరని చెప్పుదురు.

మేము గుమాస్తా పని విరమించిన పిమ్మట, సంగీతము నేర్చుకొనుచున్న మనుమరాలితో కోవూరు పోయితిమి. నగరము ఇప్పుడు ఆ పల్లెదాక పెరిగి వచ్చినది. సౌందరాంబికా సమేత సుందరేశ్వరుని ఆలయము మాత్రము ప్రశాంతముగ నున్నది. ఇది బుధ క్షేత్రమని భక్తులు వచ్చుచుందురు. పిల్ల పుస్తకము విప్పి సహాన కీర్తన పాడినది. వ్రాత తమిళ లిపి. ఆ లిపిలో క, గ లకు అక్షర మొక్కటే గనుక పైన అంకెలు వేసికొని పాడుకొందురు.

పాట ముగిసినంతనే, “తాతయ్యా, ఊరి పేరు కోవూరు కదా, పాటలో కోవూరి అని ఉందేమిటి?” అని అడిగినది.

“మన భాషలో ఊరు అనుమాట, ఊరి వాళ్ళు, ఊరి చెరువు అనునప్పుడు ఊరి అవుతుందమ్మా,” అంటిమి.

“మన ఇంట్లో ఎవరూ అలా అనరే!” అన్నది.

మాకు మారుమాట తోచలేదు. తెలుగు వ్రాయ నేర్చినందున ఉద్యోగము రాదని మా కుమారునికి అక్షరములు చెప్పించనివారము మేమే. 2006 నాటి చట్టముచే పాఠశాలలలో తమిళము నిర్బంధమైనదని మనవారు వాపోవుట కలదు. మా ఇంటి తెలుగు అంతకు ముందే తగ్గిపోయినది. దానికి ఏ చట్టమును కారణము కాదు. ఉన్న యూరి భాష నేర్చుకొనుట ధర్మమే. త్యాగరాజస్వామియు తమిళుల మధ్యనే బ్రతికిరి, తమిళ శిష్యులకును పాట నేర్పిరి. అయినను ఇంటిలోని మాటను విడువలేదు.

ఇంటికి వచ్చి ఒక పలక కొంటిమి. జీవితమంతయు కాగితములు నకలు వ్రాసిన చేయి గనుక అక్షరములు దిద్దించుట కష్టము కాలేదు. ఇటీవల పిల్ల ఆ కీర్తనను తెలుగు లిపిలో తానే వ్రాసినది. తప్పులు పదునాలుగు లెక్కించితిమి. “కోవూరి” యనుమాట మాత్రము సరిగా నున్నది. ఆ కాగితమును మా పూజామందిరమున ఉంచితిమి.

చెన్నపట్టణమున కాపురమున్నవారు ఒక ఆదివారము పిల్లలను వెంటబెట్టుకొని కోవూరు పోయిరండు. అచ్చట పాట పాడించుడు. పిదప అర్థమును చెప్పుడు.