ఫ్రెడరిక్ డగ్లసు - బైబిలు ప్రామాణ్యవాదము

ఒకఁడు తన యన్యాయమునకు ధర్మగ్రంథమును బ్రమాణముగాఁ జూపునపుడు వానితో వాదించుటకు రెండు త్రోవలు కలవు. ఆ గ్రంథమును మేమంగీకరింపమనుట మొదటిది, ఇది సులభము. గ్రంథమును శిరసావహించి, దానిచేతనే వానిని దోషిగా నిలువఁబెట్టుట రెండవది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో దాస్యమును గుఱించి జరిగిన వివాదమున నీ రెండవ త్రోవను బట్టినవారిలో ఫ్రెడరిక్ డగ్లసు అగ్రగణ్యుఁడు. ఆతఁడు 1818 లో మేరీలాండు రాష్ట్రమున దాసీగర్భమున జనించి, 1838 లోఁ బాఱిపోయి స్వతంత్రుఁడైనవాఁడు. ఏ పాఠశాలయందును జదివినవాఁడు కాఁడు.

బాల్టిమోరు నగరమున బాలుఁడుగా నున్నపుడు యజమానురాలు బైబిలును బిగ్గరగాఁ జదువుచుండఁగా విని యతఁడు చదువుపై నాసపడెను. ఆమె యక్షరములు నేర్ప మొదలిడెను, భర్త మాన్పించెను. చదువు వచ్చినవాఁడు దాసుఁడుగా నిలువఁడని యాతని భయము. పిదప వీథికాలువలలోఁ బడియున్న బైబిలు పుటల నేఱి, కడిగి, ఆరఁబెట్టి చదువుకొంటినని డగ్లసు 1855 నాఁటి స్వీయచరిత్రలో వ్రాసికొనెను. గురుముఖమున లభింపని గ్రంథ మట్లు బురదలోనుండి లభించినది.

1832 ఆగస్టులో డగ్లసు యజమానుఁడు టామస్ ఆల్డు మెథడిస్టువారి బహిరంగ ప్రార్థనసభలో భక్తుఁడయ్యెను. ఇఁక దాసులను విడిచిపెట్టునేమో, లేక దయతోనైనఁ జూచునేమో యని వారందఱు నాశించిరి. ఆ రెండును జరుగలేదు. ఇంతకుముందు క్రౌర్యమునకుఁ దన స్వభావమే యాధారము. ఇప్పుడు శాస్త్రము కూడఁ దోడయ్యెను. అవిటిదైన యొక దాసిని గట్టివైచి కొరడాతోఁ గొట్టుచు, లూకా సువార్త 12 వ యధ్యాయములోని 47 వ వాక్యము నాతఁడు వల్లించెడివాఁడఁట. యజమానుని చిత్త మెఱిఁగియు నడుచుకొనని సేవకునకుఁ బెక్కు దెబ్బలు తగులునని యా వాక్యము చెప్పును. ఇచట పాఠకులు మూలమును జూడవలెను. అది యొక దృష్టాంతకథ. అందలి యజమానుఁడు భగవంతుఁడు. ఆల్డు ఆ పీఠమునఁ దానే కూర్చుండెను. అంతకంటె వింత వేఱొకటి కలదు. ఆ వాక్యమునకు రెండు వాక్యములు ముందు, 45 వ దానిలో, యజమానుఁడు రాక యాలసించెనని తలఁచి తోడి దాసదాసీజనమును గొట్ట నారంభించిన సేవకుని ప్రస్తావన యున్నది; ఆ కథలో ఘోరశిక్ష వానికే. ఆల్డు చేతిలోని పుటయందే యాతనిపై నభియోగ మచ్చుపడి యుండెను! తోడిదాసులకు డగ్లసు ఆదివారమున బైబిలు చదువ నేర్పుచుండఁగా, ఆల్డును మఱికొందఱు భక్తులును గఱ్ఱలతో వచ్చి యా కూటమును జెదరఁగొట్టిరి.

1845 లో బోస్టనునఁ బ్రకటింపఁబడిన తొలి స్వీయచరిత్రమునకు డగ్లసు ఒక యనుబంధము చేర్చెను. తన మాటలు దాస్యమును బోషించు నా దేశపు మతమునకే తగులునని, క్రీస్తు మతమునకుఁ గాదని విభజించి, మత్తయి సువార్త 23 వ యధ్యాయమును దన దేశమున కన్వయించెను. పుదీన, సోపు, జీలకఱ్ఱలయందు సైతము పదియవ పాలు చెల్లించుచు న్యాయమును దయను వదలిన శాస్త్రులను గ్రీస్తు గర్హించిన యధ్యాయమది. వారికి గ్రీకుమూలమున వాడిన శబ్దము నాటకపాత్రధారికిఁ జెల్లునది. తెలుఁగు బైబిలునందలి ‘వేషధారి’ శబ్దము మూలమునకుఁ జక్కఁగా సరిపోయినది. మనుస్మృతి చెప్పు బైడాలవ్రతికుఁడు వీని జ్ఞాతియే.

ఇంతవఱకు నిది యజమానుల యింటి సంగతి. 1850 లోఁ గాంగ్రెసు చేసిన పలాయితదాసుల చట్టముతో రాజ్యాంగవిషయ మయ్యెను. పట్టువడినవానికిఁ దన పక్షమున సాక్ష్యమిచ్చుకొను హక్కు లేదు. విచారణాధికారికి వానిని దాసుఁడని తీర్చినచో 10 డాలర్లు, కాఁడని తీర్చినచో 5 డాలర్లు! దాఁచినవానికి 1,000 డాలర్ల వఱకు జరిమానా, ఆఱు నెలల వఱకు చెఱ. పాఱిపోయిన ఒనేసిమును బౌలు ఫిలేమోను కడకు మఱలఁ బంపెఁగదా యని చట్టపక్షమువారు చూపిరి. పాఱివచ్చిన దాసుని యజమానున కప్పగింపఁగూడదని ద్వితీయోపదేశకాండము 23 వ యధ్యాయమున నున్నదని యెదుటివారు చూపిరి. ఆండోవరున హీబ్రూ బోధించిన మహాపండితుఁడు మోజెస్ స్టూఅర్టు, అది యన్యజాతులనుండి వచ్చినవారికే వర్తించునని యర్థము చెప్పెను. పాండిత్య మెవరి పక్షమునకుఁ బోయెనో చూచితిరి కదా!

ఈ వివాదము తెలుఁగుదేశమునకుఁ గేవలము పరాయిది కాదు. నెల్లూరిలో 1840 నుండి పనిచేయుచుండిన అమెరికను బాప్టిస్టు మిషనును బోషించిన సంఘపు నిర్వాహకసభయే, దాసులు గలవానిని మిషనరీగా నియమింపమని 1844 డిసెంబరులో అలబామావారికిఁ బ్రత్యుత్తర మిచ్చెను. మఱుసటి మే నెలలో దక్షిణరాష్ట్రములవారు వేఱుపడిరి. నెల్లూరు ఉత్తరరాష్ట్రములవారి పక్షమున నిలిచెను.

1852 జూలై 5 వ తేదీన రాచెస్టరు నగరమున, స్వాతంత్ర్యోత్సవ సందర్భమున, 500 మందికిఁ బైగాఁ గూడిన సభలో డగ్లసు ఉపన్యసించెను. మొదట రాజ్యస్థాపకులను మనసార స్తుతించెను. పిదప, ఈ పండుగలో నన్నుఁ బాడుమనుట, చెఱపట్టిన యూదులను బబులోనువారు సీయోను పాటలు పాడుమనుట వంటిదని 137 వ కీర్తనను స్మరింపఁజేసెను. ఆ చట్టము కీర్తనలు పాడుటనో, సంస్కారములలోఁ బాల్గొనుటనో యడ్డగించియుండినచో వేయి వేదికలనుండి గర్జనలు పుట్టియుండెడివనియు, మనుష్యుని బట్టి యమ్ముట కడ్డులేకపోవుటచే నవి మౌనము దాల్చినవనియు నెత్తిపొడిచెను. జీలకఱ్ఱ వాక్యము మరల నిచటఁ బనికివచ్చెను. ఉత్సవములను ధూపములను భగవంతుఁ డసహ్యించుకొను యెషయా గ్రంథపు మొదటి యధ్యాయమును జదివి వినిపించెను. దాస్యమునకుఁ బ్రతికూలురైన బోధకులను బేరుపేరున మినహాయించుట యాతని న్యాయబుద్ధికి నిదర్శనము.

అక్షరార్థమున డగ్లసు ప్రతిపక్షులు దుర్బలులు కారని నా యభిప్రాయము. దాసులు యజమానులకు విధేయులు కావలెనని పౌలు లేఖలలో స్పష్టముగా నున్నది. దాస్యమును రద్దుచేయుమను విధి యెచటను లేదు. ఒక్కొక్క వాక్యము నెత్తి చూపు వాదమున నతఁ డోడియుండెడివాఁడే. మీమాంసకులు తాత్పర్యనిర్ణయమునకుఁ జెప్పు లింగములలో నభ్యాస మొకటి. డగ్లసు మీమాంస యెఱుఁగఁడు. కాని ప్రవక్తలనుండి సువార్తవఱకు మాటిమాటికి వచ్చునది యేది యని యడిగెను. న్యాయము లేని యారాధన నిరర్థకమను మాటయే వచ్చుచున్నదని చూపెను. మిగిలిన వాక్యములు దానికి లోఁబడవలెను. పుదీనకును న్యాయమునకును దారతమ్య ముండుట క్రీస్తువాక్యమే కావున ప్రతిపక్షులు దీనిని ద్రోయలేకపోయిరి.

1865 మార్చి 4 న అధ్యక్షుఁడు లింకను రెండవ పట్టాభిషేకోపన్యాసమున, ఇరుపక్షములవారును జదువునది యొకే బైబిలనియు, ఇతరుల చెమటనుండి తమ యన్నమును బిండుకొనుటకు భగవంతుని సాయమడుగుట వింతగాఁ దోఁచుననియుఁ బలికెను. ఆదికాండమున నాదామునకుఁ బెట్టఁబడిన శాపము తన చెమటతోఁ దానే యన్నము తినుమని కదా. వెంటనే, తీర్పు తీర్చకుఁడని మత్తయి సువార్త బోధను జేర్చి, యుద్ధమను దండన యుభయపక్షములకును జెందినదనెను. జనసమూహమున డగ్లసు వినుచుండెను. ఆ సాయంకాల మధ్యక్షభవనమునకుఁ బోఁగాఁ గావలివారు నల్లవాఁడని యడ్డగించిరి. లింకను వార్త విని లోనికిఁ బిలిపించి, అందఱి యెదుట, ఉపన్యాస మెట్లున్నదని యడిగెను. అది పవిత్రమైన ప్రయత్నమని డగ్లసు బదులు చెప్పెను. ఆఱు వారములలో లింకను హతుఁడయ్యెను. దాస్యనిషేధక సవరణ మా డిసెంబరున రాజ్యాంగమునఁ జేరెను.