బయోడేటా నుంచి రెజ్యూమె దాకా

తెనాలి దగ్గర యలవర్రులో 1922లో రైతు కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారి గురించి మన బడి పిల్లలకు కొత్తగా చెప్పక్కర్లేదు. గుంటూరు ఏసీ కాలేజీలో ఇంటర్మీడియెట్, ఆపైన బనారస్ హిందూ విశ్వవిద్యాలయం, మద్రాసులో తోళ్ల సాంకేతిక విద్య, తర్వాత అమెరికాలో పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ. 1971లో సీఎస్ఐఆర్ డైరెక్టర్ జనరల్ అయ్యారు. 1985 జూన్‌లో కనిష్క విమాన ప్రమాదంలో ఆయన పోయినప్పుడు మా బ్యాచ్ ఇంకా హైస్కూల్లోనే ఉంది. నన్ను ఆకట్టుకునేది ఆయన పదవులు కాదు. తోలుపనినీ, ఆ పని చేసేవాళ్లనూ ఊరి చివరికి నెట్టేసిన రోజుల్లో, ఒక రైతుబిడ్డ తన చదువు పేరుగా ఆ పనినే పెట్టుకున్నాడు.

ఆ తర్వాత అమెరికా చదువులకు మనవాళ్లు పంపిన కాగితాల్లో చేతిపని అన్నదే కనబడదు. నా బాధ అదీ.

బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో మొదలైంది. అమెరికా ప్రభుత్వ సహాయంతో కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయానికీ మన రాష్ట్ర వ్యవసాయ విద్యకూ 1950ల నుంచి సంబంధం ఉంది. ఆ విశ్వవిద్యాలయం ఉన్న ఊరి పేరు మన్‌హటన్. న్యూయార్కులోది కాదు, గోధుమ పొలాల మధ్య చిన్న ఊరు! పథకం మీద వెళ్లేవాళ్ల సంగతి వేరు. ఎవరి మటుకు వాళ్లు కవరు మీద స్టాంపు అంటించి అప్లయి చేసుకోవడం మా ప్రాంతంలో బాగా పెరిగింది 1981లో బాపట్ల ఇంజినీరింగ్ కాలేజీ వచ్చాకే. రేపల్లె వాళ్లు బ్రాంచి లైను రైల్లో తెనాలి వచ్చి, అక్కడ బండి మారి బాపట్ల వెళ్లేవారు.

1991 ప్రాంతంలో దరఖాస్తు అంటే ఒక యజ్ఞం. విశ్వవిద్యాలయాల వివరాల కోసం మద్రాసులోని యూసెఫీకి వెళ్లాలి. 1950లో భారత, అమెరికా ప్రభుత్వాల ఒప్పందంతో ఏర్పడిన సంస్థ అది. జీఆర్ఈ ఫీజు డాలర్లలో కట్టాలి. ముందు ఉచితంగా ఇచ్చే ప్రిలిమినరీ ఫారం నింపి పంపితే, వాళ్లకు నచ్చితే అసలు ఫారం వచ్చేది. దానికి జతచేసే బయోడేటా తెనాలిలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కొట్టించేవాళ్లం. మధ్యలో కార్బన్ పేపర్లు పెట్టి నాలుగు కాపీలు; నాలుగోది మసక. ఆ మసక కాపీ ఏ విశ్వవిద్యాలయానికి పంపాలన్నది పెద్ద చర్చ.

ఆ బయోడేటాలో ఏముండేది? పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతం, పెళ్లయిందా లేదా, శాశ్వత చిరునామా, మార్కుల పట్టిక. చివర పైవన్నీ నిజమని ఒక ప్రమాణం, కింద సంతకం. సర్కారు ఉద్యోగానికైనా, పెళ్లి సంబంధానికైనా, అమెరికాకైనా అదే కాగితం. మనిషి ఎవరి తాలూకో దాన్నిబట్టి తెలిసేది, ఏం చేయగలడో తెలిసేది కాదు. అమెరికాలో 1964 పౌర హక్కుల చట్టం, 1967 వయో వివక్ష చట్టం వచ్చాక మతం, వయసు వంటివి రెజ్యూమెలో రాయకపోవడం ఆనవాయితీ అయింది. మనం మాత్రం వాటితోనే మొదలుపెట్టేవాళ్లం. మార్కుల దగ్గర ఇంకో చిక్కు. నాగార్జున విశ్వవిద్యాలయంలో 72 శాతం అంటే డిస్టింక్షన్. అక్కడి మాస్టారు కంటికి 72 అంటే సాదాసీదా మార్కు. తెలిసిన సీనియర్లు శాతం పక్కనే క్లాసులో ఎంతమందిలో ఎన్నోవాడో రాయించేవారు. మేం నేర్చుకున్న మొదటి రెజ్యూమె పాఠం అదే.

రాయనివి చాలా ఉన్నాయి. నాతో చదివిన ఒకడు వేసవి సెలవుల్లో కాలవ గట్టున ఆయిల్ ఇంజన్లు విప్పి బిగించేవాడు. ఇంకొకడు తెనాలిలో మేనమామ లేత్ వర్క్‌షాపులో రోజూ సాయంత్రం షాఫ్టులు తిప్పేవాడు. ఇద్దరివీ మెకానికల్ ఇంజినీరింగ్ దరఖాస్తులు! ఆ సంగతి ఒక్క ముక్కయినా లేదు. హాబీల కింద మాత్రం స్టాంపుల సేకరణ ఉంది. స్టాంపు ఆల్బం వాళ్లిళ్లలో నేనెప్పుడూ చూళ్లేదు. మెకానిక్ పని రాస్తే చులకనవుతామని ఇంట్లో పెద్దలూ అనేవారు, మేమూ అలాగే అనుకునేవాళ్లం. 1480లలో మిలాన్ ప్రభువుకు లియొనార్డో డావిన్చీ రాసిన ఉత్తరాన్ని లోకంలో తొలి రెజ్యూమె అంటుంటారు. అందులో తండ్రి పేరు, కులగోత్రాలు లేవు. వంతెనలు కట్టగలను, ఫిరంగులు పోయగలను అని చేతిపనుల జాబితా రాసి, బొమ్మలు వేయడం చివరికెక్కడో చేర్చాడు.

ఇప్పుడు కార్బన్ కాపీలు లేవు. జిల్లా కూడా మారింది. 2022లో బాపట్ల జిల్లా అయింది, రేపల్లె అందులోకి వెళ్లింది, తెనాలి గుంటూరులోనే ఉంది. మన సంఘం పిల్లలు ఏటా నాకు రెజ్యూమెలు పంపుతారు. ఒక్క పేజీ, చక్కటి అచ్చు. తండ్రి పేరు పోయింది, దాని చోట పది సాఫ్ట్‌వేర్ల పేర్లు వచ్చాయి. కన్సల్టెన్సీ పుణ్యమా అని ముగ్గురికి ఒకటే ప్రాజెక్టు, కామాతో సహా. పోయినేడు రేపల్లె వైపు అబ్బాయి ఒకడు అలాంటిదే పంపాడు. ఇంట్లో ఏం చేస్తారని ఫోన్లో అడిగితే రొయ్యల చెరువన్నాడు. రాత్రిళ్లు ఏరియేటర్ ఆగిపోతే నాన్న ఫోనుకు మెసేజ్ వచ్చేలా చిన్న సర్క్యూట్ తనే కట్టాడట, రెండు పంటలుగా నడుస్తోందట. “అది కూడా రాయాలా అంకుల్?” అన్నాడు. మొదటి లైనులో రాయమన్నాను.