యోదయా మర్దనం, మన కోరంగి భుజాలు

ఈ శీతకాలం మా పిన్ని మమ్మల్ని చూడ్డానికి రంగూను వచ్చింది. 1989లో ఊరి పేరు యాంగోన్ అని మార్చారుగాని, మా గోదావరి వాళ్ళ నోట ఇంకా రంగూనే. షాపింగు తిరిగి తిరిగి కాళ్ళు లాగుతున్నాయంటే ఒక థాయి మర్దనం దుకాణానికి తీసుకువెళ్ళాను. గంటన్నర తర్వాత మొహం వెలిగిపోతూ బయటికి వచ్చింది.

"ఏరా, ఆ పిల్ల ఎడమకాలు నొక్కుతూ 'ఇత్తా' అంది, కుడికాలు నొక్కుతూ 'పింకలా' అంది. ఇడా పింగళలే కదరా! అంతా మన దగ్గర్నుంచి ఎత్తుకుపోయిందే!"

పరాయిదేశంలో ఉన్న మనకు ఈ మాట వినగానే ఛాతీ కాస్త పొంగుతుంది. నాకూ పొంగింది. కాని ఆ రాత్రి పుస్తకాలు తిరగేస్తే సంగతి అంత తేలికగా లేదు.

పేర్లు మనవే, సందేహం లేదు. థాయి మర్దనంలో ముఖ్యమైన నాడులు పది. వాటిని 'సేన్' అంటారు. ఇత్తా, పింకలా, సుమనా అంటే మన ఇడ, పింగళ, సుషుమ్నలు. ఇంకొకటి సహత్సరంగ్సి, అంటే వేయికిరణాలు, సూర్యుడి పేరు! మొత్తం డెబ్బైరెండువేల నాడులన్న లెక్క కూడా మనదే. ఇత్తా చివరికి ఎడమ ముక్కుపుటానికి చేరుతుంది, మన యోగగ్రంథాల్లో ఇడలాగే. అయితే దారిలో తొడ మీదుగా కిందికి దిగి, వెన్ను పక్కనుంచి పైకి వస్తుంది. మనవాళ్ళు నాడిని ధ్యానానికి గీసుకుంటే, వాళ్ళు బొటనవేలికి అందేలా గీసుకున్నారన్నమాట.

పని మొదలుపెట్టేముందు వాళ్ళు దండం పెట్టుకునేది జీవకుడికి. బింబిసారుడి ఆస్థానవైద్యుడు, తక్షశిలలో చదివినవాడు. పాళీ వినయపిటకంలో ఆయన చేసిన చికిత్సలు వివరంగా ఉన్నాయి: తలకు శస్త్రచికిత్స, పేగుముడి విప్పడం, ముక్కులో మందు. బుద్ధుడికి విరేచనం ఇచ్చేముందు కొన్నిరోజులు ఒంటికి నూనె పట్టించమని ఆనందుడికి చెప్పినట్టు కూడా ఉంది. అది మన తలంటుకి దగ్గరి చుట్టం. థాయి మర్దనం అది కాదు. నూనె లేదు, బట్టలు విప్పడం లేదు. నేలమీద పరుపువేసి అరచేత్తో, మోచేత్తో, మోకాలితో, పాదంతో నొక్కి, కీళ్ళు సాగదీస్తారు. బర్మీలో మర్దనాన్ని 'అహ్నెయిక్' అంటారు, నొక్కడమనే అర్థంలో. ఆ విద్యకు పేరు మగధది కావచ్చు, చేతులు మాత్రం ఈ ప్రాంతానివి.

ఇందులో రంగూనువాళ్ళు మరచిపోయిన ముక్క ఒకటుంది. బర్మావాళ్ళు థాయివాళ్ళను 'యోదయా' అంటారు. అయుత్థయ నుంచి వచ్చిన మాట, దాని వెనక మన అయోధ్య. ఆ అయుత్థయను 1767లో బర్మారాజు సిన్‌ప్యూషిన్ సైన్యమే నేలమట్టం చేసింది. గ్రంథాలు కాలిపోయాయి, వైద్యగ్రంథాలూ వాటితోపాటే. నాట్యగత్తెలను, సంగీతజ్ఞులను చెరపట్టి బర్మాకు తెచ్చారు. యోదయా పాటలు ఇక్కడి సంగీతంలో ఇప్పటికీ ఒక శాఖ. కాగితం కాలిందన్న బెంగతోనేమో, మూడవ రాముడు 1832 నుంచి బాంకాక్‌లోని వాట్ ఫో ఆలయాన్ని బాగుచేయిస్తూ మర్దన స్థానాలను అరవై రాతిఫలకాలమీద బొమ్మలతో సహా చెక్కించాడు. ఆ విద్యకే 2019లో యునెస్కో గుర్తింపు వచ్చింది. కాల్చినవారి దేశానికే అది ఇప్పుడు బోర్డు కట్టుకుని తిరిగివచ్చింది!

డాక్టరుగా ఒక మాట. శవపరీక్షబల్లమీద ఇడా, పింగళా నాకు కనిపించలేదు. అయినా నెమ్మదిగా పడే బరువుకు కండరం వదులవుతుంది, ఊపిరి నిదానిస్తుంది, ఆందోళన తగ్గుతుంది. చాలాకాలంగా ఉన్న నడుంనొప్పికి కొంతకాలం ఉపశమనం ఉంటుంది, జబ్బు కుదిరిందనుకోకండి. ఎముకలు గుల్లబారినవారు, రక్తం పల్చబడే మందులు వాడేవారు, పిక్కలో గడ్డకట్టిన రక్తం ఉన్నవారు దగ్గరికి పోవద్దు. మెడ విరిపించుకోవడం ఎవరికీ వద్దు. మా పిన్ని వీపు తొక్కవద్దని నేను ముందే చెప్పాను.

వీపు తొక్కడమంటే పిన్నికి ఏదో గుర్తొచ్చింది. "చిన్నప్పుడు మా తాతయ్య వీపు పిల్లలం తొక్కేవాళ్ళంరా. కుడిభుజంమీద ఇంత కాయ ఉండేది."

ఆ తాతయ్య రంగూనులో వ్యాపారం చేశాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. వ్యాపారికి భుజాన కాయ ఎందుకుంటుంది? కాకినాడ దగ్గరి కోరంగి రేవుపేరున తెలుగువాళ్ళను ఇక్కడ 'కోరంగీలు' అనేవారు. రానురాను ఆ మాటలో చులకన చేరింది. రేవులో బియ్యం బస్తాలు మోసినవారిలో, రిక్షాలు లాగినవారిలో ఎక్కువమంది వాళ్ళే. 1930 మే నెలలో కూలి పెంచమని రేవులో సమ్మెచేశారు. యజమానులు బర్మావాళ్ళను పనిలో పెట్టుకుని, సమ్మె తీరాక వాళ్ళను పొమ్మన్నారు. మే 26న మొదలైన అల్లర్లలో తెలుగు కూలీలు వీధుల్లో చచ్చిపోయారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక మిగిలినవాళ్ళలో లక్షలమంది ఇతర భారతీయులతో కలిసి ఓడల్లో కొందరు, అడవిదారుల్లో కాలినడకన కొందరు తరలిపోయారు.

ఇడా పింగళలు మనవని చెప్పుకోవడానికి పిన్నికి క్షణం పట్టలేదు. బస్తాలు మోసిన తాత మనవాడని చెప్పుకోవడానికి మా ఇంట్లో మూడుతరాలు పట్టింది. నేను కూడా కాలేజీలో 'రంగూను వ్యాపారస్థుల కుటుంబం' అనే చెప్పుకున్నాను.

మర్నాడు పిన్ని మర్దనానికి మళ్ళీ వెళదామనలేదు. నది ఒడ్డుకు తీసుకువెళ్ళమంది. జెట్టీ దగ్గర చాలాసేపు నిలబడి, "బస్తాలు ఇక్కడినుంచే ఓడెక్కించేవాళ్ళా?" అని అడిగింది. ఇక్కడే ఎక్కడో అన్నాను. చెప్పులు విప్పి, తన కుడిభుజాన్ని చేత్తో ఒకసారి ఒత్తుకుంది.