స్పార్క్ ప్లగ్గు ఎంపిక (మార్పులు చేసిన కారు ఇంజన్లు)

స్పార్క్ ప్లగ్గు అనగా పెట్రోలు లేదా గ్యాసుతో నడిచే ఇంజనులో గాలి, ఇంధనాల మిశ్రమాన్ని విద్యుత్ రవ్వతో మండించే సాధనం. వాడుకలో దీనిని ప్లగ్గు అని మాత్రమే అంటారు. కారును కంపెనీ అమర్చిన రీతిలోనే నడిపేవారికి ప్లగ్గు ఎంపిక అనే సమస్యే లేదు. యజమానికి ఇచ్చే పుస్తకంలో నంబరు ఉంటుంది. ఇంజనుకు గ్యాసు కిట్ బిగించినప్పుడు, హెడ్డు అరగదీయించినప్పుడు, టర్బో అమర్చినప్పుడు మాత్రం పాత నంబరు సరిపోకపోవచ్చును. ఈ వ్యాసం అటువంటి ఇంజన్లకు ప్లగ్గును నిర్ణయించే పద్ధతిని, ముఖ్యంగా పూర్వపు నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల రోడ్లను, ఎండలను దృష్టిలో ఉంచుకొని వివరిస్తుంది.

చరిత్ర

1860లో ఫ్రాన్సులో ఎతియెన్ లెన్వార్ తన గ్యాసు ఇంజనులో విద్యుత్ రవ్వను వాడాడు. 1902లో జర్మనీలోని బాష్ సంస్థలో గాట్లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోతో కలిపి రూపొందించిన ప్లగ్గుతో ఈ సాధనం మోటారు వాహనాలలో స్థిరపడింది. మన దేశంలో 1951లో బెంగుళూరులో స్థాపించబడిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ (మైకో) పేరు మీద ఇవి జనానికి పరిచయమయ్యాయి. ఆ సంస్థ 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకున్నది. పాతతరం మెకానిక్కుల నోట ఏ కంపెనీ ప్లగ్గయినా "మైకో ప్లగ్గే".

పని చేయు విధానం

ప్లగ్గు మధ్యలో ఒక ఎలక్ట్రోడు, దాని చుట్టూ పింగాణీ తొడుగు, బయట మరలు గల ఇనుప కవచం, ఆ కవచానికి అతికిన వంపు ఎలక్ట్రోడు ఉంటాయి. రెండు ఎలక్ట్రోడుల నడుమ ఖాళీని గ్యాప్ అంటారు. కాయిల్ నుండి వచ్చే పది నుండి ముప్పై వేల వోల్టుల విద్యుత్తు ఈ గ్యాప్‌ను దాటినప్పుడు రవ్వ పుడుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఇరుసు రెండుసార్లు తిరిగితే ఒక్కొక్క ప్లగ్గు ఒకసారి రవ్వ వేయాలి. ఇంజను నిమిషానికి 2,500 చుట్లు తిరుగుతూ వంద నిమిషాలు నడిచిందనుకుంటే, ఒక్కొక్క ప్లగ్గు 1,25,000 సార్లు రవ్వ వేసినట్లు. హైదరాబాదు నుండి మహబూబ్‌నగర్ వరకు ఒకసారి వెళ్ళివచ్చేసరికి ప్లగ్గు ఎంత శ్రమ పడుతుందో విద్యార్థులు ఈ లెక్కతో ఊహించవచ్చు.

ప్లగ్గు మొన ఉష్ణోగ్రత సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితే దానిపై పేరుకున్న మసి తనంతట తానే కాలిపోతుంది. అంతకంటే చల్లగా ఉంటే మసి పట్టి, విద్యుత్తు పింగాణీ మీదుగా జారిపోయి, ఇంజను "మిస్ కొడుతుంది". 850 డిగ్రీలు దాటితే మొనే నిప్పుకణికలా మారి, రవ్వ రాకముందే మిశ్రమాన్ని అంటిస్తుంది. దీనిని ముందస్తు జ్వలనం అంటారు. పైకి వస్తున్న పిస్టనుపై అప్పుడే మంట పడుతుంది కనుక ఇది కొద్దిసేపు కొనసాగినా పిస్టను నెత్తిన చిల్లు పడవచ్చు. మసి పట్టిన ప్లగ్గును తుడుచుకొని బండిని ఇంటికి తెచ్చుకోవచ్చు. చిల్లు పడిన పిస్టనుతో తెచ్చుకోలేము. అనుమానం ఉన్నచోట చల్లని వైపు పొరపాటే నయమని అనుభవజ్ఞులు చెప్పడానికి కారణం ఇదే.

వేడి ప్లగ్గు, చల్లని ప్లగ్గు

మొన నుండి వేడిని ఇంజను హెడ్డులోకి త్వరగా పంపేది చల్లని ప్లగ్గు. నెమ్మదిగా పంపేది వేడి ప్లగ్గు. పింగాణీ మూతి పొడవులోనే ఈ తేడా ఉంటుంది. పొడవు మూతి గలది వేడిని నిలుపుకుంటుంది, పొట్టి మూతి గలది వదిలేస్తుంది. రవ్వ బలానికి దీనితో సంబంధం లేదు. "హాట్ ప్లగ్గు వేస్తే పికప్ పెరుగుతుంది" అనే మాట గ్యారేజీలలో తరచుగా వినిపిస్తుంది కాని, అది పేరును చూసి పడిన పొరపాటు మాత్రమే.

పెట్టెపై ఉన్న అంకె ఈ గుణాన్నే తెలుపుతుంది. ఎన్‌జికె, డెన్సో కంపెనీలలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లబడుతుంది. బాష్, ఛాంపియన్ కంపెనీలలో అంకె పెరిగేకొద్దీ వేడెక్కుతుంది. సుమారుగా ఎన్‌జికె 5, డెన్సో 16, బాష్ 8 ఒకే కోవకు చెందుతాయి. ఎన్‌జికె 6 డెన్సో 20కి సమానం. దుకాణంలో ఒక కంపెనీ సరుకు లేదని వేరొక కంపెనీది అదే అంకె చూసి కొంటే ఫలితం తలకిందులు కావచ్చును. మార్పిడి పట్టిక చూడకుండా కంపెనీ మార్చరాదు.

ఉదాహరణకు ఎన్‌జికె వారి బిపిఆర్6ఇఎస్-11 అనే గుర్తును విడదీస్తే: బి అనగా 14 మి.మీ. మర, పి అనగా ముందుకు పొడుచుకు వచ్చిన మూతి, ఆర్ అనగా లోపల నిరోధకం ఉన్నది, 6 ఉష్ణ శ్రేణి, ఇ అనగా 19 మి.మీ. మర పొడవు, ఎస్ అనగా సాధారణ ఎలక్ట్రోడు, 11 అనగా 1.1 మి.మీ. గ్యాప్. ఇందులో మార్పులు చేసినవారు సవరించదగినవి ఉష్ణ శ్రేణి, గ్యాప్ మాత్రమే. మర పొడవు ఎక్కువైతే పిస్టను ప్లగ్గును గుద్దుతుంది. ఆర్ లేని ప్లగ్గును కంప్యూటరు నియంత్రణ గల కారులో వేస్తే విద్యుత్ అలజడి వలన సెన్సార్లు తికమక పడతాయి.

ఏ మార్పుకు ఏ ప్లగ్గు

అన్ని మార్పులకూ ప్లగ్గు మార్చనక్కరలేదు. పాత ఇంజనును బోరు చేయించి పెద్ద పిస్టన్లు వేయడం మన ప్రాంతంలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. మారుతి 800 ఇంజనులో సిలిండరు వ్యాసం 68.5 మి.మీ., స్ట్రోకు 72 మి.మీ., మూడు సిలిండర్లు కలిపి 796 ఘన సెం.మీ. అర మిల్లీమీటరు బోరు పెంచితే అది సుమారు 808 అవుతుంది, అనగా ఒకటిన్నర శాతం పెరుగుదల. దీనికి ప్లగ్గు మార్చడం అనవసరం. గాలి ఫిల్టరు, సైలెన్సరు మార్చినంత మాత్రాన కూడా అవసరం రాదు.

హెడ్డు ఫేసింగ్ చేయించి కంప్రెషన్ పెంచినప్పుడు, టైమింగ్ ముందుకు జరిపినప్పుడు సంగతి వేరు. టైమింగ్ పది డిగ్రీలు ముందుకు జరిపితే మొన ఉష్ణోగ్రత 70 నుండి 100 డిగ్రీల వరకు పెరుగుతుంది. ఉష్ణ శ్రేణిలో ఒక మెట్టు తేడా కూడా దాదాపు అంతే. కావున ఈ మార్పుకు ఒక మెట్టు చల్లని ప్లగ్గు న్యాయమైనది. టర్బో అమర్చి శక్తిని పెంచినవారు ప్రతి 75 నుండి 100 అశ్వశక్తుల పెరుగుదలకు ఒక మెట్టు చొప్పున చల్లని వైపు వెళ్ళాలని తయారీదారులు సూచిస్తారు. సిలిండరులో పీడనం పెరిగేకొద్దీ గ్యాప్ దాటడానికి ఎక్కువ వోల్టేజి కావాలి (భౌతికశాస్త్రంలో దీనిని పాషెన్ నియమం వివరిస్తుంది). అందువలన టర్బో ఇంజన్లలో గ్యాప్‌ను 0.6 నుండి 0.8 మి.మీ. మధ్యకు తగ్గిస్తారు. గ్యాప్ మరీ తగ్గిస్తే రవ్వ చిన్నదై, నిదానంగా నడిచేటప్పుడు ఇంజను తడబడుతుంది.

గ్యాసు కిట్లు

జిల్లాలలో నిజంగా ఎక్కువగా కనిపించే మార్పు పెట్రోలు కారును ఎల్‌పిజి లేదా సిఎన్‌జికి మార్చడం. మోటారు వాహనాల చట్టానికి 2000 సంవత్సరంలో చేసిన సవరణ ఆమోదిత కిట్లతో ఇటువంటి మార్పిడికి వీలు కల్పించింది. వంటగ్యాసు సిలిండరును కారులో వాడడం నేరం, అంతకు మించి ప్రాణాంతకం.

పెట్రోలు బిందువులు ఆవిరి అయ్యేటప్పుడు లోపలి గాలిని కొంత చల్లబరుస్తాయి. గ్యాసు ముందే ఆవిరి రూపంలో వస్తుంది కనుక ఆ చల్లదనం ఉండదు. పొడిగా ఉండే ఈ మిశ్రమాన్ని అంటించడానికి ఎక్కువ వోల్టేజి కూడా కావాలి. అందుచేత గ్యాసు కారుకు సాధారణంగా ఒక మెట్టు చల్లని ప్లగ్గు, 0.1 లేదా 0.2 మి.మీ. తక్కువ గ్యాప్ సూచిస్తారు. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. కారు పెట్రోలు మీద స్టార్టయి తరువాత గ్యాసుకు మారుతుంది. రెండింటికీ ప్లగ్గు ఒక్కటే. నల్గొండ పట్టణంలో బజారుకు, బడికి రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారుకు చల్లని ప్లగ్గు వేస్తే అది 450 డిగ్రీలకు చేరకముందే ప్రయాణం ముగుస్తుంది. కొద్ది వారాలలో మసి పడుతుంది. అటువంటి కారుకు కంపెనీ నంబరునే ఉంచి గ్యాప్ మాత్రం తగ్గించుకోవడం మేలు. షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోటల మీదుగా పోయే 44వ నంబరు రహదారిపైన గాని, చౌటుప్పల్, సూర్యాపేటల మీదుగా పోయే 65వ నంబరు రహదారిపైన గాని గంటల తరబడి నడిచే బాడుగ కారుకు చల్లనిది తగినది. కిట్ తయారీదారు వేరుగా నంబరు ఇచ్చి ఉంటే అదే ప్రమాణం.

ఎండ, ఎత్తు, ఘాట్ రోడ్డు

"మా జిల్లాలో మే నెలలో 44 డిగ్రీలు, కాబట్టి చల్లని ప్లగ్గే వేయాలి" అనే అభిప్రాయం విస్తారంగా ఉన్నది. పేరే దీనికీ కారణం. ప్లగ్గు పనిచేసే 450–850 డిగ్రీల మధ్య బయటి గాలిలో పది, పదిహేను డిగ్రీల తేడా స్వల్పం. వేడిగాలి వలన నాకింగ్ పెరిగే మాట నిజమే గాని, దానికి మందు టైమింగ్ సరిచేయడం, రేడియేటరు శుభ్రం చేయించడం. అలాగే మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ గాలి పీడనం ఆరు శాతం మాత్రమే తక్కువ. దీనికోసం కూడా ప్లగ్గు మార్చనక్కరలేదు.

లెక్కలోకి తీసుకోవలసినది ఇంజనుపై పడే భారం. కల్వకుర్తి, అచ్చంపేట, మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్ళే దారి దీనికి మంచి ఉదాహరణ. తిరుగు ప్రయాణంలో ఆనకట్ట దగ్గర కృష్ణానది నుండి ఈగలపెంట వైపు మలుపుల దారిలో, నిండా మనుషులతో, తక్కువ గేరులో, యాక్సిలరేటరు తొక్కిపట్టి ఎక్కాలి. చదునైన రోడ్డుపై ఏ తేడా చూపని వేడి ప్లగ్గు, మార్పులు చేసిన ఇంజనులో ఇక్కడే హద్దు దాటుతుంది. ఆ తరువాత మన్ననూరు వరకు నల్లమల అడవి, పులుల అభయారణ్యం. రాత్రిళ్ళు రాకపోకలకు నిషేధం. బండి ఆగితే సహాయం దొరకడం కష్టం. కొత్తగా ఇంజను మార్పించినవారు ఇటువంటి ప్రయాణానికి ముందు రహదారిపై కొంతదూరం నడిపి ప్లగ్గులు విప్పి చూసుకోవడం అవసరం.

ప్లగ్గు రంగును చదవడం

లేత గోధుమ లేదా బూడిద రంగు ఆరోగ్యానికి గుర్తు. పొడి నల్లమసి ఇంధనం ఎక్కువైనదనో, ప్లగ్గు మరీ చల్లనిదనో చెబుతుంది. నూనె తడి ఉంటే దోషం పిస్టను రింగులది. ప్లగ్గులు ఎన్ని మార్చినా ప్రయోజనం లేదు. తెల్లబడి పొక్కులు లేచిన పింగాణీ, దానిపై మెరిసే సన్నని అల్యూమినియం చుక్కలు ప్రమాద సూచనలు. ఆ చుక్కలు కరుగుతున్న పిస్టను రేణువులు. ఇవి కనిపించిన కారును ఆ రోజుకు నడపకూడదు.

అయితే గ్యాసు కారులో మసి చాలా తక్కువ కనుక సక్రమమైన ప్లగ్గు కూడా తెల్లగానే కనిపిస్తుంది. రంగును నమ్మక, పొక్కులు, ఎలక్ట్రోడు అరుగుదల చూడాలి. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000 ఫిబ్రవరిలో నిలిపివేయబడినది. ఆ కాలపు రంగుల పట్టికలు ఇప్పటికీ కొన్ని గ్యారేజీల గోడలపై ఉన్నాయి, అవి నేటి పెట్రోలుకు పూర్తిగా వర్తించవు.

లోహం, ధర

నికెల్ 1,455 డిగ్రీల వద్ద, ప్లాటినం 1,768 డిగ్రీల వద్ద, ఇరిడియం సుమారు 2,450 డిగ్రీల వద్ద కరుగుతాయి. ఇరిడియం మొనను అర మిల్లీమీటరు సన్నగా చేయవచ్చు కనుక తక్కువ వోల్టేజికే రవ్వ వస్తుంది. లక్ష కిలోమీటర్ల వరకు మన్నుతుంది. గ్యాసు కార్లకు, టర్బోలకు ఈ గుణం పనికివస్తుంది. కాని ఖరీదైన లోహం తప్పు ఉష్ణ శ్రేణిని సరిచేయదు. నంబరు ఇంకా తేలని కొత్త మార్పులకు ముందు చవకైన నికెల్ ప్లగ్గులతో పరీక్షించి, తేలిన తరువాత ఇరిడియం కొనడం పొదుపు. ఇరిడియం మొనను వైరు బ్రష్షుతో రుద్దరాదు. గ్యాప్ సరిచేసేటప్పుడు మధ్య ఎలక్ట్రోడుపై ఒత్తిడి పెట్టరాదు.

బిగించుట

చల్లారిన ఇంజనులో ముందు చేతితోనే మర ఎక్కించాలి. వాషరు గల కొత్త 14 మి.మీ. ప్లగ్గును చేతికి బిగిసిన తరువాత పానాతో అర నుండి మూడింట రెండు వంతుల చుట్టు తిప్పితే చాలు. టార్క్ పానా ఉన్నవారికి అల్యూమినియం హెడ్డులో 25–30 న్యూటన్ మీటర్లు. వదులుగా ఉన్న ప్లగ్గు వేడిని హెడ్డులోకి పంపలేదు. అప్పుడు ఎంత చల్లని ప్లగ్గయినా వేడి ప్లగ్గువలె ప్రవర్తిస్తుంది. నంబరు సరిగానే ఉన్నా పిస్టను కాలిన సందర్భాలలో మొదట చూడవలసినది ఇదే.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలను మార్చరాదు; అనుమతించిన మార్పులను రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధననే గట్టిగా సమర్థించింది. అదే సంవత్సరం చేసిన సవరణ ప్రకారం అక్రమ మార్పు ఒక్కొక్కదానికి ఐదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని విధించవచ్చు. ప్లగ్గు నంబరు మార్చడం దీని కిందికి రాదు. గ్యాసు కిట్, వేరే ఇంజను వంటివి నమోదు చేయించకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా సొమ్ముకు చిక్కులు ఏర్పడతాయి.