తెగాల్సిన బోల్టు

మంట దగ్గరికి జరుగు అబ్బాయ్. చేతులకి గ్రీజు ఇంకా వదల్లేదు. నీ మొహం చూస్తే ఇవ్వాళ కూడా బోల్టు తెగినట్టుంది. ఎన్ని? మూడా? ఒక్క పూటలో మూడు తెగినయ్యంటే తప్పు బోల్టుది కాదు. ఆ ముక్కలు పారేశావా, ఉన్నయ్యా? ఉంటే ఇటివ్వు, చూద్దాం.

ముందు ఎద్దుల సంగతి చెప్పాలి నీకు. నా చిన్నతనాన నడికుడి చుట్టుపక్కల చాలా చేలల్లో మట్టికంటే ముందు రాయి కనపడేది. ఈ నేలంతా అడుగున సున్నపురాయే గదా. దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది అందుకే. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కి పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టులో కాలవలకి నీళ్ళు వదిలారు. నీళ్ళొస్తున్నయ్యంటే చాలు, మా నాయనా అమ్మా తట్టలతో రాళ్ళు ఏరి గట్టు మీద పోశారు. నువ్వు ట్రాక్టరు తిప్పే ఆ గట్టు వాళ్ళ చేతుల మీద లేచిందే.

నాయన దున్నుతుంటే కర్రు ఎక్కడో రాయికి తగిలేది. ఆ చప్పుడు మనకి వినపడేలోపే ఎలపటెద్దు నిలబడిపోయేది. పగ్గం లాగే పనే లేదు. మెడ మీద కాడి ఒత్తుకోగానే దానికి తెలిసేది, ఇంకా లాగితే ఏదో ఒకటి విరుగుద్దని. నాయన మేడి పైకెత్తి, కర్రు తప్పించి, దాని వీపు మీద ఒకసారి తట్టి ముందుకు కదిలేవాడు.

ఇంజనుకి ఆ ఎరుక ఎక్కడిది? కింద కట్టె నరికే మిషను కత్తి రాయిని పట్టుకున్నా సరే, పైన ట్రాక్టరు వెనక తిరిగే పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిప్పాలనే చూసుద్ది. ఆ రెంటి మధ్యా ఆగాల్సిన ఎద్దు ఈ షేర్ బోల్టే. వేలెడంత ఇనుము. అది తెగితే షాఫ్టు వట్టిగా తిరుగుద్ది, గేరు బాక్సు బతుకుద్ది.

నాకు అది తెలిసొచ్చేసరికి నష్టం జరిగిపోయింది. అప్పట్లో పత్తికట్టె పీకి ఇంటికి తెచ్చేవాళ్ళం, ఏడాదంతా పొయ్యిలోకి అదే. తర్వాత గ్యాసు వచ్చింది, కట్టె పీకే కూలీలు దొరకటం కష్టమైంది. గులాబీ రంగు పురుగు ఎండుకాయల్లో దాక్కుని మళ్ళీ పంట మీదికి వసుద్ది, తీత అయిపోగానే కట్టె నరికి దున్నెయ్యమన్నారు. అప్పుడు కొన్నా ఈ మిషను. మొదటి వారమే బోల్టులు వరసగా తెగినయ్. విసుగెత్తి తల మీద 10.9 అంకె ఉన్న గట్టి బోల్టు తెచ్చి బిగించా. రెండు రోజులు హాయిగా నడిచింది. మూడో రోజు గట్టువార హద్దురాయికి కత్తి తగిలింది. బోల్టు చెక్కుచెదరలేదు. గేరు పళ్ళు రాలిపోయినయ్. మూత విప్పితే నల్లటి నూనెలో జొన్నగింజలంత ఉక్కు ముక్కలు. ఆ ఏడు మన కట్టె నరకటానికి పక్కూరి మిషను కోసం తిరిగా.

ఇదిగో, ఈ ముక్క చూడు. ఒక్క దెబ్బకి తెగింది, ఇది రాయి పని. ఈ రెండూ అట్టా లేవు, నడుము దగ్గర గాడి పడి అరిగినయ్. నట్టన్నా వదులై ఉండాలి, రంధ్రమన్నా కోలగా సాగి ఉండాలి. వదులు బోల్టు ప్రతి కుదుపుకీ కొట్టుకుని కొట్టుకుని తెగుద్ది. రంధ్రం సాగితే ఎన్ని బోల్టులు మార్చినా దండగే, షాఫ్టు చివరుండే ఆ యోక్ మార్చాల్సిందే. బోల్టు కొనేటప్పుడు కూడా చూసుకో, కోతపడే చోట మరలు రాకూడదు, నున్నటి భాగం రావాలి. యోక్‌కి తుప్పు పట్టిందంటే ఇంకా ప్రమాదం. బోల్టు తెగినా అది షాఫ్టుని వదలదు. ఏడాదికోసారి బోల్టు తీసి, చేత్తో తిప్పి చూసి, గ్రీజు పెట్టు.

పొద్దున నువ్వు పీటీఓ వెయ్యటం ఇక్కడికి వినపడింది. ఇంజను అరుస్తుంటే ఒక్కసారి తగిలించావు. అంత బరువు కత్తులు ఆగిన చోటునుంచి ఒక్క గుంజుతో లేవాలంటే మొదట తెగేది బోల్టే. ఇంజను నిదానంగా ఉన్నప్పుడు వేసి, కత్తులు తిరగటం మొదలయ్యాక రేజు చెయ్యి. కట్టె దట్టంగా ఉన్నచోట గేరు తగ్గించు, మొదటి సాలు మిషను పైకెత్తి కొట్టు, రెండో సాలుకి దించు. కత్తులు నేలని గీరితే మాత్రం బోల్టు నిలవదు.

కత్తులు వేలాడే చోట పాత డ్రిప్పు పైపులు చుట్టుకుంటయ్. కత్తి తోస్తే వెనక్కి మడతపడాలి, బిగుసుకుపోతే రాయి దెబ్బంతా బోల్టు మీదే. చూసేటప్పుడు ఇంజను ఆపి తాళంచెవి జేబులో వేసుకో, మిషను కింద దుంగలు పెట్టు. పీటీఓ తీసేసినా కత్తులు కాసేపు తిరుగుతూనే ఉంటయ్, తొందరపడి దగ్గరికి పోవాకు. ఆ మెడలో తువ్వాలు ఇంట్లో పెట్టి పో. షాఫ్టు పట్టుకుందంటే నువ్వు కేకేసేలోపే లాగేసుద్ది నాయనా, నాకదే భయం.

కంపెనీ చెప్పిన సైజు బోల్టులే నాలుగు కొని టూల్ బాక్సులో ఉంచు. కొట్టంలో పిడుగురాళ్ళ సున్నం బస్తా ఉంది. పొద్దున్నే కలిపి, దూరం నుంచే కనపడేట్టు గట్టువార హద్దురాళ్ళన్నిటికీ పూసిరా. చేలో తేలిన రాళ్ళు కూడా ఏరు, నేనూ వస్తా. ఆ తర్వాతే ట్రాక్టరు తియ్.